ఇంకో వీపు తగిలేదాకా

భవానీపురంలోని మా ఇంట్లో సాయంత్రం ఏడింటికి నేను ఒక చుట్టు తిరుగుతాను. గ్యాస్ రెగ్యులేటర్ కట్టేశారా, మోటారు స్విచ్ ఆపారా, మెట్ల కింద ఎవరైనా పాత పేపర్లు పేర్చారా, దేవుడి దగ్గర దీపానికీ కర్టెనుకీ ఎంత దూరం ఉంది, ఇవన్నీ చూసుకుని, చూసినట్టు ఎవరికీ చెప్పకుండా వచ్చి కుర్చీలో కూర్చుంటాను. మా ఆవిడ మాత్రం ఊరుకోదు. "ఓడ మునగలేదుగా? ఇక అన్నానికి రండి," అంటుంది. నేవీ వదిలి ఇన్నేళ్ళయినా ఆవిడకి ఆ జోకు పాతబడలేదు, నాకు ఈ అలవాటు పోలేదు.

నేను నేవీలో చేసిన పని పేరు డ్యామేజ్ కంట్రోల్. ఈ మాట చెప్పగానే మా చుట్టాలు "అంటే తుపాకీ పేల్చవా?" అని అడిగేవాళ్ళు. పేల్చను. ఓడలో నిప్పు పుడితే ఆర్పాలి, చిల్లు పడితే పూడ్చాలి, లోపలికి వచ్చిన నీళ్ళు బయటికి తోడాలి. ఒక పెళ్ళి భోజనాల దగ్గర మా మేనమామ ఇదంతా శ్రద్ధగా విని, "అయితే ఫైరింజనూ, ప్లంబరూ కలిపి నువ్వొక్కడివేనన్నమాట," అని తేల్చేశాడు. ఒళ్ళు మండింది. కానీ నిజం చెప్పాలంటే, మా పనిని అంతకంటే బాగా ఎవరూ చెప్పలేదు.

ఆ రోజుల గురించి ఎవరైనా అడగడమే ఆలస్యం, గంటలకొద్దీ చెప్తాను. ఒక్క పూట సంగతి మాత్రం దాటేస్తాను. ఆ పూట తర్వాత నన్ను ఒక ప్రశ్న అడిగారు, నేను ఒక అబద్ధం ఆడాను. చాలా చిన్న అబద్ధం. దానివల్ల, ఆదివారం ఆదివారం నాకు ఇంట్లో అన్నం పెట్టిన మనిషికి మాట వచ్చింది. ఆ మాట ఆయన్ని ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ వదల్లేదు, ఇంట్లో కూడా వదల్లేదు. మొన్నీమధ్య వెళ్ళి ఆ సంగతి చెప్పి వచ్చాను.

అసలు మొదలు ఓడలో కాదు, కాలువ గట్టు మీద.

మాది కంకిపాడు పక్కన పల్లె. పంట కాలువ గట్టును ఆనుకునే మా పొలం. వానాకాలంలో కాలువ నిండుగా పారేటప్పుడు, ఎలుక బొరియో పీత బొక్కో ఉన్నచోట గట్టు లోలోపల నాని, ఉన్నట్టుండి గండి పడేది. చూస్తూ ఉండగానే జానెడు గండి తలుపంత అవుతుంది. దిగువనేమో నాలుగు రోజుల కిందట నాట్లు వేసిన మడులు. అప్పుడు మావాళ్ళు చేసే పని ఒకటుంది. గండిని మొదట చూసినవాడు ఒక కేక పెట్టి, అందులోకి దిగి, నీళ్ళకి వీపు ఆనించి కూర్చుంటాడు. మడమలు బురదలో తన్నిపెట్టి, తల వంచుకుని, మిగతావాళ్ళు తాటి మట్టలూ గడ్డి మోపులూ మట్టి బస్తాలూ తెచ్చేదాకా ఆ మనిషే గట్టు. చలికి వణికిపోయి ఓపిక అయిపోతే ఇంకొకడు దిగి, పక్కన వీపు ఆనించి, అతని భుజం తట్టి "లే, నేనున్నా," అంటాడు. అప్పుడు గాని మొదటివాడు లేవకూడదు.

ఇంటర్‌లో లెక్కలు తప్పి ఇంట్లో కూర్చున్న ఏడాది నేనూ ఒకసారి కూర్చున్నాను. దిగేటప్పుడు మా నాన్న ఒకే ఒక్క మాట చెప్పాడు. "ఇంకో వీపు తగిలేదాకా లేవకూడదురా. మధ్యలో లేచినోడికంటే అసలు దిగనోడు నయం." ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. భుజం మీద చెయ్యి పడి పైకి వచ్చేసరికి పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. అమ్మ వేడి నీళ్ళు పోసింది. నాన్న మాత్రం వీధి అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళకి, "మావాడు లెక్కల్లో పోయాడు గానీ గండిలో నిలిచాడండీ," అని చెప్పుకున్నాడు. మా నాన్న నన్ను పదిమందిలో మెచ్చుకోవడం అదే మొదలు. అందుకే అది నాకు అంత లోతుగా దిగిపోయింది.

తర్వాతి ఏడాది నేవీలో చేరాను. ట్రెయినింగులో ఒక ఇనుప గది ఉండేది. దాని గోడలకి కావాలనే రకరకాల చిల్లులు పెట్టి, బయటినుంచి పంపులతో నీళ్ళు కొట్టేవాళ్ళు. లోపల మేము ఆరుగురం. చెక్క బిరడాలు, సుత్తులు, గోనెపట్టాలు, దుంగలు ఇచ్చి పూడ్చమనేవాళ్ళు. మెత్తటి చెక్కతో చేసిన బిరడాని చిల్లులో బిగించి కొడితే, నీళ్ళు తగిలి అది ఉబ్బి ఇంకా బిగుసుకుంటుంది. మొదటిరోజు నా వెనకాల పెద్ద చిల్లు ఒక్కసారిగా తెరుచుకుంది. నేనేం చేసి ఉంటానో వేరే చెప్పక్కర్లేదు. వెళ్ళి దానికి వీపు ఆనించి కూర్చున్నాను. ఆ నీళ్ళు నన్ను ఎత్తి గదికి అవతల మూల పడేశాయి. మాకు నేర్పే ఆయన పొట్ట పట్టుకుని నవ్వి, "ఇది మీ ఊరి కాలువ కాదు నాయనా, దీని వెనక సముద్రం ఉంది," అని హిందీలో అన్నాడు. అందరితో పాటు నేనూ నవ్వాను. పాఠం మాత్రం ఎక్కలేదని తర్వాత తెలిసింది.

నా మొదటి ఓడలో అన్న కనబడ్డాడు. సొంత అన్న కాదు. నాకంటే పదేళ్ళు పెద్ద, మా డ్యామేజ్ కంట్రోల్ జట్టులో సీనియర్. బందరు దగ్గర సముద్రపొడ్డు పల్లె, చేపల వేట చేసుకునే కుటుంబం. నేను చేరిన రెండో రోజు చెక్క బిరడాలు చెక్కుతూ వేలు కోసుకుని "అబ్బా" అన్నాను. అవతలి బల్ల దగ్గర కూర్చున్న మనిషి తలెత్తాడు.

"తెలుగోడివా? ఏ ఊరు?"

"కంకిపాడు పక్కనండీ."

"ఓహో, కాలువకి పైనోళ్ళా. మీరు వాడుకుని వదిలేసిన నీళ్ళు తాగి పెరిగినోణ్ణి నేను," అన్నాడు. నవ్వకుండా అన్నాడు. ఆయన నా చేతిలోని బిరడా తీసుకుని, తిప్పి చూసి, "ఏం చెక్కావురా ఇది? కొండపల్లి బొమ్మ చేద్దామనుకున్నావా?" అని, అప్పుడు నవ్వాడు. ఆ రోజునుంచీ ఆయన నాకు అన్న, నేను ఆయనకి తమ్ముడు.

ఓడ లోపలి వాసన ఇప్పటికీ నాకు ముక్కులో ఉంది. డీజిలు, కొత్త పెయింటు, ఉడుకుతున్న పప్పు, మనుషుల చెమట, అన్నీ కలిసిన వాసన. మా విజయవాడ బస్టాండులో ఒక్కోసారి బస్సుల మధ్య నిలబడితే దానికి దగ్గరగా ఏదో తగులుతుంది. ఒక్క క్షణం ఆగిపోతాను. సాయంత్రాలు డెక్కు మీద ఇనుప గ్లాసుల్లో టీ తాగుతూ అన్నా నేనూ తెలుగులో మాట్లాడుకునేవాళ్ళం. మా ఇంటినుంచి గోంగూర పచ్చడి, వాళ్ళ ఇంటినుంచి ఎండు రొయ్యల పొడి వచ్చేవి. ఆ డబ్బా మూత తీస్తే బీహారు, పంజాబు, కేరళ, అంతా మా బల్ల చుట్టూ చేరేది. గండి కథ కూడా ఆయనకి అలాంటి సాయంత్రమే చెప్పాను. "మీ పైనోళ్ళకి వీపు తప్ప పనిముట్టే లేదంట్రా?" అని నెల రోజులు ఏడిపించాడు.

పని మాత్రం ప్రాణం పెట్టి నేర్పాడు. ఓడలో మంట గుమ్మంలోంచి రాదు, గోడలోంచి వస్తుందని చెప్పేవాడు. ఒక గదిలో నిప్పు పుడితే పక్క గది ఇనుప గోడ కాలి, దాని మీది పెయింటు బొబ్బలెక్కి, అక్కడా అంటుకుంటుంది. అందుకని తలుపు ముట్టుకునే ముందు అరచేతి వెనక వైపు పెట్టి వేడి చూడమనేవాడు. "అరచెయ్యి కాలితే రేపు పైపు దేంతో పట్టుకుంటావురా?" అనేవాడు. మంట ఆర్పడానికి పోసిన నీళ్ళే ఓడని ముంచుతాయి కాబట్టి, ఎంత పోశామో అంతా తోడాలనీ ఆయనే చెప్పాడు. ఇప్పటికీ నేను వంటింటి తలుపుని చేతి వెనక వైపుతోనే తోస్తాను.

ఆయనకి ఒక విద్య ఉండేది. టైము చెప్పడం. వాళ్ళ నాన్న గడియారం లేకుండా, ఏటిలో పోటు ఎంత ఎక్కిందో చూసి గంట చెప్పేవాడట. ఆ ఇంట్లో పుట్టిన అన్నకి పోటూ ఎండా కనపడని ఓడ అడుగున కూడా టైము తెలిసేది. మేము చేతి గడియారం దాచి అడిగేవాళ్ళం. కళ్ళు ఒక్కసారి మూసి, "నాలుగు దాటి పది," అనేవాడు. అయిదు నిమిషాలకి మించి తేడా వచ్చేది కాదు. అందుకే మా జట్టులో బోర్డు ఆయనది.

బోర్డు అంటే ఏమిటో చెప్పాలి. పొగలోకి దిగేవాడు మొహానికి మాస్కు, వీపున గాలి సిలిండరు కట్టుకుంటాడు. దిగేముందు తన పేరు బిళ్ళ బోర్డుకి తగిలిస్తాడు. ఎవరు ఎన్నింటికి దిగారు, సిలిండర్లో గాలి ఎంత, ఎన్నింటికి అడుగంటుతుంది, ఇవన్నీ బోర్డు దగ్గరున్నవాడు లెక్కగట్టి రాస్తాడు. గాలి అడుగంటుతుంటే సిలిండరు విజిల్ వేస్తుంది. అది మోగిందా, చేతిలో ఏముంటే అది అక్కడే వదిలి పైకి వచ్చెయ్యాలి. ఆ తర్వాత మిగిలేది కొద్ది నిమిషాల గాలే.

ఆ పూట టిఫిన్లు అయిపోయాయి. ఓడ నడిసముద్రంలో ఉంది. జనరేటర్ల గదిలో డీజిలు పైపు జాయింటు ఊడి, కాలుతున్న గొట్టం మీద చిమ్మింది. స్పీకర్లో "ఫైర్, ఫైర్, ఫైర్" అన్నారు. వారం వారం డ్రిల్లులో వినే మాటే. ఆ గొంతు వణికింది కాబట్టి ఇది డ్రిల్లు కాదని తెలిసింది.

ఆ గదిలోకి దిగడానికి ఒకే ఒక్క ఇనుప నిచ్చెన. వీపున సిలిండరు ఉంటే ఒక్క మనిషి పడతాడు, ఎదురెదురుగా ఇద్దరు పట్టరు. నేనూ ఒక పంజాబీ అతనూ నీళ్ళ పైపు పట్టుకుని దిగాం. పైన బోర్డు దగ్గర అన్న, ఆయన పక్కన మాస్కులు కట్టుకుని సిద్ధంగా ఇంకో జంట. కింద ఏమీ కనపడదు. నల్లటి పొగలో ఒక మూల నారింజ రంగు వెలుగు. దాని మీద నురగ కొట్టాం, తర్వాత నీళ్ళు కొట్టాం. వేడికి చెవులు కాలుతున్నట్టుండేది. కాసేపటికి ఆ వెలుగు తగ్గింది. అప్పుడు పంజాబీ అతని విజిల్ మోగింది. అతను నా భుజం మీద కొట్టి పైకి చూపించాడు. నేను "నువ్వు పద, వస్తున్నా" అన్నట్టు చెయ్యి ఊపాను. అతను ఎక్కిపోయాడు.

నేను వెళ్ళలేదు. నా చేతిలో పైపు ఉంది. దాన్ని అందుకునేవాడు ఇంకా రాలేదు. కాసేపటికి నా విజిల్ కూడా మోగింది. చెవి పక్కనే మోగింది. స్పష్టంగా విన్నాను. అప్పుడు నేను చేసింది తలుచుకుంటే ఇప్పటికీ నవ్వూ ఏడుపూ కలిసి వస్తాయి. గోడకి వీపు ఆనించి, మడమలు తన్నిపెట్టి, పైపు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. నాన్న మాట తప్ప ఇంకేమీ గుర్తు లేదు.

పైనున్న జంట నేను ఎక్కి రావాలని చూస్తున్నారు, నిచ్చెన ఖాళీ అయితే గాని దిగలేరు కాబట్టి. నేనేమో వాళ్ళు దిగి నా భుజం తట్టాలని చూస్తున్నాను. అలా రెండు నిమిషాలు గడిచాయి. ఇక లాభం లేదని అన్నే ఆ జంటని దింపాడు. అప్పటికి గాలి అయిపోయి మాస్కు నా మొహానికి అతుక్కుపోయింది. నన్ను చంకల కింద పట్టి పైకి లాగారట. కళ్ళు తెరిచేసరికి అన్న నా చెంపలు వాయిస్తూ, "ఒరే తమ్ముడూ, ఒరే," అంటున్నాడు. ఆయన కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. పొగ వల్లే అనుకున్నాను. అయితే పొగ అక్కడికి రాలేదు.

ఇంకో మాట. మంట అప్పటికే చచ్చిపోయింది. నేను ప్రాణం పెట్టి కాపలా కాసింది ఉత్త పొగకి.

మర్నాడు విచారణ. చిన్న గదిలో బల్లకి అటువైపు ముగ్గురు ఆఫీసర్లు. అన్న తన బోర్డు తెచ్చి ముందు పెట్టాడు. నా విజిల్ ఎన్నింటికి మోగాలో రాసి ఉంది. "మరి రెండు నిమిషాలు ఎందుకు ఆగావు?" అని అడిగారు. "వెనకే వస్తున్నాడని పైకి వచ్చినతను చెప్పాడు సార్. నిచ్చెన మీద ఎదురుపడతారని ఆగాను," అన్నాడు. అప్పుడు నా వైపు తిరిగి, "విజిల్ విన్నావా?" అన్నారు.

"లేదు సార్," అన్నాను.

కంకిపాడు గండి గురించి ఆఫీసర్లకి హిందీలో ఎలా చెప్పను అని చాలా ఏళ్ళు నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అదేం కాదు. నా పేరు పై కోర్సుకి వెళ్ళేవాళ్ళ జాబితాలో ఉంది. విని కూడా కూర్చున్నానంటే ఆజ్ఞ మీరినట్టు. కోర్సు పోతుంది, శిక్ష కూడా పడుతుంది. భయపడ్డాను. అంతే. అన్న నా వైపు ఒక్కసారి చూశాడు. ఆ చప్పుళ్ళలో విజిల్ వినపడకపోవచ్చు, బోర్డు దగ్గరున్నవాడే టైము చూసుకుని ముందుగా మేల్కోవాలి అని తేల్చారు. టైము చూడటంలో అజాగ్రత్త అని ఆయన రికార్డులో రాశారు. ఆ ఏడు రావలసిన ప్రమోషన్ రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు. అదే హోదాలో రిటైరయ్యాడు.

ఆ సాయంత్రం డెక్కు మీద ఆయన నా గ్లాసు నాకు అందించాడు. "తాగు, చల్లారిపోద్ది," అన్నాడు. ఇంకేమైనా అంటాడేమోనని చూశాను. తన గ్లాసు ఖాళీ చేసి కిందికి దిగిపోయాడు.

ఓడ ఒడ్డుకి చేరాక ఆదివారం క్వార్టర్స్‌లో వాళ్ళింటికి భోజనానికి పిలిచాడు. ఎప్పుడూ పిలిచేవాడే. వదిన చేపల పులుసు పెట్టింది. ఆవిడ చేతి పులుసు గురించి చెప్పాలంటే ఇంకో పుస్తకం రాయాలి. ముందురోజు వండి, మర్నాటికి ముక్క పులుపు పట్టాక పెట్టేది. ఆ రోజు గరిటె చేత్తో పట్టుకుని నాతో మొర పెట్టుకుంది. "చూశావా అబ్బాయ్, మీ అన్నకి ప్రమోషన్ రాదంట. ఏందయ్యా అంటే, టైము చూసుకోటంలో తేడా వచ్చింది అంటాడు. ఊరందరికీ పోటు చెప్పే ఇంట్లో పుట్టి, టైము చూసుకోటం రాలేదంట!" కళ్ళు తుడుచుకుంది. తర్వాత గోడ మీది గడియారం ఆగిపోయి ఉండటం చూసి, "టైమెంతయింది అబ్బాయ్? మీ అన్నని అడిగితే లాభం లేదు," అంది. అన్న నవ్వుతూ నా పళ్ళెంలో ఇంకో ముక్క వేశాడు. నేను తిన్నాను. ఆ ముద్ద గొంతు దిగింది, అదే నాకు సిగ్గు.

నాకు బదిలీ అయ్యేదాకా ఏడాదిపాటు అలాగే వెళ్ళి తిన్నాను. బాధతో మొదలైన మాట మెల్లగా వదినకి అలవాటు అయిపోయింది. టైము ఎప్పుడు కావలసివచ్చినా నన్నే అడిగేది. అన్న గడియారం పెట్టుకోవడం మానేశాడు. నేను కోర్సుకి వెళ్ళాను, పైకి వచ్చాను. ఉగాదికి ఒక ఫోను, అంతకుమించి ఆయనతో మాట్లాడే ధైర్యం లేకపోయింది.

రిటైరయ్యాక విజయవాడలో అపార్టుమెంట్లకీ హోటళ్ళకీ వెళ్ళి నిప్పు ఆర్పడం నేర్పుతున్నాను. మొన్న వానలు మొదలయ్యే ముందు భవానీపురంలోనే ఒక అపార్టుమెంటు సెల్లారులో పదిహేనుమందిని కూర్చోబెట్టి చెప్తున్నాను. "మంట ఆర్పే సిలిండరు ఖాళీ అయ్యాక కూడా మంట తగ్గకపోతే, వదిలేసి బయటికి వచ్చెయ్యండి."

వెనకనుంచి వాచ్‌మన్ లేచాడు. నా వయసువాడే, తెల్లటి మీసాలు. "ఎట్టా వదిలేసి వత్తామండీ, ఇంకోడు రాకండా?"

"మీదే ఊరండీ?" అన్నాను.

"ఉయ్యూరు అవతలండీ."

"గండిలో కూర్చున్నారా ఎప్పుడైనా?"

ఆయన మొహం వెలిగింది. "కూర్చోకపోటమేంటండీ! ఎన్నిసార్లో!"

"గండి వేరండీ. అక్కడ మీరు లేస్తే పొలం పోతుంది. ఇక్కడ మీరు కూర్చుంటే, మిమ్మల్ని మోసుకురావడానికి ఇంకో ఇద్దరు ఆ పొగలోకి దిగాలి. పైన మీకోసం టైము లెక్కపెడుతున్నవాడి గతేంటో ఆలోచించండి."

ఆయన తల ఊపి, మళ్ళీ అడిగాడు. "మీకెట్టా తెలుసండీ?"

ఎక్స్‌టింగ్విషర్ పిన్ను ఎలా లాగాలో చూపించాను. ఇంటికి వస్తుంటే నా మీద నాకే అసహ్యం వేసింది. ఆ బల్ల ముందు చెప్పవలసిన మాట ఇన్నేళ్ళకి సెల్లారులో ముక్కూమొహం తెలియనివాళ్ళకి చెప్పాను. అన్నకి ఫోను చేసి ఆదివారం వస్తున్నానన్నాను.

బందరు బస్సు కంకిపాడులో ఆగింది. కిటికీలోంచి కాలువ వైపు చూశాను. గట్టుకి అక్కడక్కడ సిమెంటు వేశారు. గండ్లు ఇప్పుడూ పడతాయి గానీ మట్టి పోయడానికి మెషీన్లు వస్తాయట. నాన్న పోయి చాలా ఏళ్ళయింది. ఆయన చెప్పింది తప్పు కాదు, దాన్ని నేను తీసుకెళ్ళిన చోటే తప్పు. ఈ సంగతి ఆయనకి చెప్పి ఉంటే బాగుండేదనిపించింది.

అన్న ఇల్లు ఏటి పాయ ఒడ్డున. వసారాలోంచి చూస్తే కట్టేసిన పడవలు కనపడతాయి. వదిన ముందు గదిలో కత్తిపీట ముందు కూర్చుని వేపుడుకి చేప కోస్తోంది. జుట్టు పూర్తిగా నెరిసింది. "మరిదిగారికి దారి తెలిసిందే!" అని నవ్వి, వెంటనే, "టైమెంతయింది అబ్బాయ్? మీ అన్నని అడిగితే లాభం లేదుగా," అంది. అదే మాట, అదే నవ్వు.

"పదకొండున్నర వదినా," అన్నాను.

అన్నా నేనూ వసారాలో కూర్చున్నాం. ఆయన లావయ్యాడు, కాళ్ళు నొప్పులంటున్నాడు. "మన ఓడని ముక్కలు చేసేశారంటరా," అన్నాడు. తర్వాత రొయ్యల పొడి డబ్బా గుర్తు చేసుకుని నవ్వుకున్నాం. బిరడాలు, ఇనుప గ్లాసులు, దొంగతనంగా ఆయన గడియారం దాచిన రోజులు. అలాగే మాట్లాడుతూ, భోంచేసి, సాయంత్రం బస్సెక్కి వచ్చెయ్యొచ్చు. ఎంత హాయిగా ఉండేదో. కానీ వంటింట్లోంచి నిన్నటి పులుసు వెచ్చబెడుతున్న వాసన వచ్చింది. ఇంక ఆగలేకపోయాను.

"అన్నా, ఆ రోజు విజిల్ మోగింది. నేను విన్నాను," అన్నాను.

ఆయన పడవల వైపే చూస్తూ, "తెలుసు," అన్నాడు. "నిన్ను లాక్కొచ్చినోళ్ళు చెప్పారుగా, గోడకి వీపానించి కూర్చున్నావని. అప్పుడే తెలిసింది."

"మరి ఎందుకు చెప్పలేదన్నా?"

"నువ్వు చెప్తావని చూశాన్రా. ఆ రోజు చూశాను. ఆ తర్వాతా చూశాను." మామూలుగానే అన్నాడు. కోపం లేదు. కోపం ఉంటే బాగుండుననిపించింది.

"వదినకైనా చెప్పాల్సింది."

"చెప్తే ఆదివారం నీకు అన్నం పెట్టేదా?" అన్నాడు. "అమ్మానాన్నల్ని వదిలేసి వచ్చినోడివి. ఎక్కడ తింటావులే అనుకున్నా. ఆనక చెబుదామనుకుంటే ఆ మాట ఆవిడకి అలవాటైపోయింది. నాకూ అలవాటైపోయింది."

నేను ఏడ్చాను. ఈ వయసులో, మధ్యాహ్నం పూట, ఒకరింటి వసారాలో. క్షమించమన్నాను. ఆయన నా మాట పూర్తి కానివ్వలేదు.

"నాకెందుకురా చెప్తావు? నాకు తెలిసిందేగా. తెలియంది ఆవిడకి. పోయి ఆవిడకి చెప్పు."

వంటింటి గుమ్మం పది అడుగుల దూరం. స్తంభానికి వీపు ఆనించి అలాగే కూర్చుండిపోయాను. అప్పుడు ఆయన మోకాళ్ళ మీద చేతులు వేసి కష్టంగా లేచి, నా పక్కకి వచ్చి, నా భుజం మీద తట్టాడు.

"లే, నేనున్నా," అన్నాడు.

లేచాను. వదిన పొయ్యి ముందు నిలబడి ఉంది. అంతా చెప్పాను. నా విజిల్, గండి, ఆ బల్ల, నా అబద్ధం. బోర్డు మీద ఆయన రాసిన టైము సరిగ్గానే ఉందనీ, రెండు నిమిషాలు కూర్చున్నది నేననీ చెప్పాను. ఆవిడ స్టవ్ కట్టేసింది. గరిటె గిన్నె మీద పెట్టింది. నా వైపు చూడకుండా, నన్ను దాటుకుని వసారాలోకి వెళ్ళి ఆయన ఎదురుగా నిలబడింది.

"ఏమయ్యా," అంది. కొంగుతో చేతులు తుడుచుకుంది. మళ్ళీ అంది. "ఏమయ్యా, టైమెంతయింది?"

ఆయన ఆవిడ మొహంలోకి కాసేపు చూశాడు. తర్వాత ఏటి పాయ వైపు తిరిగి, పోటుకి పైకి లేస్తున్న పడవల్ని చూసి, "పన్నెండు దాటి ఇరవై," అన్నాడు.

నా జేబులో ఫోను ఉంది. తీసి చూడలేదు.

"అయితే లేవండి ఇద్దరూ," అంది వదిన, "అన్నం పెట్టేస్తాను."